చీర అంచుకు మంచు: మిన్నెసోటాలో మా క్రిస్మస్

మా తాతయ్య ప్రతి క్రిస్మస్ నాడూ ఒక పని చేసేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరూ నడుం వాల్చే వేళకి, ముక్కాలిపీట ముందుకు లాక్కుని ఎర్ర అట్ట పద్దుల పుస్తకం తీసేవారు. ఆ రోజు ఇంట్లో ఎవరెవరు భోంచేశారో పేర్లు రాసేవారు. ముందు పెద్దవాళ్లవి, తర్వాత పిల్లలవి. వాటి కింద ఒక గీత. గీత కింద ‘రానివారు’ అని, ఎందుకు రాలేదో కూడా. ‘పరీక్షలు.’ ‘పురిటికి వెళ్లింది.’ ‘సెలవు దొరకలేదు.’ చివర్లో వాతావరణం ఒక్క ముక్క. ‘చలి తక్కువ.’ ‘రాత్రి జల్లు.’

ఆ పుస్తకంలో ఆఖరి పేజీ 2009ది. మరుసటి వేసవిలో తాతయ్య పోయారు. గుంటూరు ఇల్లు అమ్మేశాం. మామయ్య టొరంటోలో, పిన్ని డల్లాస్‌లో, అమ్మా నేనూ హైదరాబాద్‌లో, చిన్న మామయ్య ఒక్కడే గుంటూరులో. పెళ్లిళ్లకి కలిశాం, చావులకి కలిశాం. క్రిస్మస్‌కి మాత్రం ఎవరి కేకు వాళ్లే కోసుకున్నాం. పెద్దమ్మకి ఈ దిగులు చాలా ఏళ్లుగా ఉంది. పోయిన ఏడు వాళ్లబ్బాయి, అంటే మా అన్నయ్య, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో ఇల్లు కొనగానే పెద్దమ్మ ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న: "ఎంతమంది పడుకోవచ్చురా?"

సెయింట్ పాల్ అనగానే పెద్దమ్మకి ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మా తాతయ్య మిషన్ స్కూల్లో టీచరు. క్రిస్మస్ ముందు రాత్రి పిల్లలందర్నీ చాప మీద కూర్చోబెట్టి ఫాదర్ హయ్యర్ కథ చెప్పేవారు. జర్మనీలో పుట్టి, అమెరికా నుంచి ఓడెక్కి, కలెక్టరు హెన్రీ స్టోక్స్ పిలుపు మీద 1842 జూలై 31న గుంటూరు చేరిన, ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో లూథరన్ శాఖకి చెందిన మిషనరీ. గుంటూరులో బడులు పెట్టాడు, పల్నాడులో తిరిగాడు, వైద్యం నేర్చుకొచ్చి మందులిచ్చాడు. మాకు బాగా నచ్చే భాగం ఆ తర్వాతది. 1857లో మన ఎండలు వదిలి వెళ్లినాయన సరాసరి మిన్నెసోటా మంచులోకి వెళ్లాడు. 1860లో అక్కడి లూథరన్ సంఘాలు కొన్నిటిని కలిపి సినడ్, అంటే సంఘాల సమాఖ్య, కట్టి, దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1869లో, రాజమండ్రి మిషన్ చేజారిపోయేలా ఉందని తెలిసి, మళ్లీ ఓడెక్కాడు. అప్పటికి ఆయన వయసు 76. "మోకాలి లోతు మంచులోంచి వచ్చాడర్రా మన గోదావరికి" అని తాతయ్య చెయ్యి మోకాలి దగ్గర పెట్టి చూపించేవారు.

పెద్దమ్మకి ఇప్పుడు సరిగ్గా 76.

డిసెంబరు 20

రెండు విమానాలు మారి, సెయింట్ పాల్ పక్క ఊరు మినియాపొలిస్‌లో దిగేసరికి మధ్యాహ్నం మూడున్నర. అన్నయ్య మూడు కోట్లు, మూడు జతల బూట్లు, టోపీలు, చేతి తొడుగులు మోసుకుని లోపలికే వచ్చాడు. "బయటికెళ్లాక వేసుకుంటాంలే" అంది అమ్మ. "బయటికెళ్లాక వేసుకోలేరు పిన్నీ" అన్నాడు.

తలుపు దాటగానే ఆ మాటకి అర్థం తెలిసింది. మొదటి ఊపిరికే ముక్కు లోపలి వెంట్రుకలు గట్టిపడి గుచ్చుకున్నాయి. చలి మనకి మెల్లగా పాకుతుంది కదా, ముందు పాదాలు, తర్వాత చెవులు. ఇక్కడ అలా కాదు, అంతా ఒక్కసారే. కారులో మీటరు మీద సున్నా చూసి పెద్దమ్మ "సున్నాయేగా" అంది. అది ఫారెన్‌హీట్ సున్నా అనీ, మన లెక్కలో మైనస్ 18 అనీ అన్నయ్య చెబితే కాసేపు మాట్లాడలేదు.

నాలుగున్నర దాటేసరికి చీకటి పడిపోయింది. ఆ చీకట్లో ఇళ్ల కప్పుల మీద, కంచెల మీద, ఆగిన కార్ల మీద తెల్లగా మెరుస్తూ పాత మంచు. వదిన గుమ్మంలోనే ఎదురొచ్చి పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. టక్కున చిన్న మెరుపు! ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. హీటర్ల వల్ల ఇంట్లో గాలి పొడిబారిపోయి ఒంట్లో కరెంటు నిలుస్తుందట. తర్వాత వారం రోజులూ ఎవర్ని ముట్టుకున్నా ఇదే. పిల్లలు నానమ్మని ముట్టుకోవడానికి కావాలనే కార్పెట్ మీద కాళ్లీడ్చుకుంటూ వచ్చేవాళ్లు.

డిసెంబరు 21

తెల్లవారుజామున మూడింటికి ముగ్గురికీ మెలకువ వచ్చేసింది. వంటింట్లో లైటు వేసి చూస్తే పెద్దమ్మ అప్పటికే నానబెట్టిన బియ్యం వడగడుతోంది. అరిసెలు లేకుండా క్రిస్మస్ మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

అరిసెలకి తడిపిండి కావాలి. బియ్యం గుడ్డ మీద ఆరబోసి, చేతికి చెమ్మ తగులుతూ ఉండగానే పిండి పట్టాలి. గుంటూరులో దానికి గంట పట్టేది. ఇక్కడ కాఫీ తాగి వచ్చేసరికి బియ్యం గలగలమంటున్నాయి. పెద్దమ్మ మళ్లీ నీళ్లు చిలకరించి, తడిగుడ్డ కప్పి, పక్కనే కాపలా కూర్చుంది.

నూనె వంట ఇంట్లో పెడితే పొగ అలారం మోగుతుందని వదిన గ్యారేజీలో చిన్న గ్యాస్ పొయ్యి పెట్టింది. గాలి ఆడాలి కాబట్టి షట్టరు సగానికి ఎత్తి ఉంచాలి. మేం కోట్లు వేసుకుని, టోపీలు పెట్టుకుని, మూకుడు చుట్టూ నిలబడ్డాం. ముఖానికి సెగ, వీపుకి మైనస్ 12.

అన్నయ్య కొడుక్కి తొమ్మిదేళ్లు. పాకం చూడ్డానికి చల్లనీళ్ల గిన్నె తెమ్మంటే, ఇంకా చల్లగా ఉంటుందని గిన్నెడు మంచు తెచ్చాడు. పెద్దమ్మ మురిసిపోయి అందులోనే చుక్క వేసింది. వెంటనే ఉండ కట్టింది. "వచ్చేసింది పాకం" అని దించి పిండి కలిపేసింది. మొదటి అరిసె నూనెలో పడగానే విడిపోయింది. రెండోది కూడా. పాకం రాలేదన్నమాట. నీళ్లలో వేస్తే కరిగిపోయే లేతపాకం, మంచు తగలగానే బిగుసుకుని ఉండపాకంలా కనబడింది. పెద్దమ్మ అరవై ఏళ్లుగా అరిసెలు వండుతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘మనదికాని చోట చెయ్యి కూడా మాట వినదు’ అన్నట్టు మూకుడు కేసి చూసింది. అమ్మ చప్పుడు చెయ్యకుండా కొళాయి నీళ్ల గిన్నె తెచ్చి పక్కన పెట్టి, "మళ్లీ పెడదాం అక్కయ్యా" అని బెల్లం తురమడం మొదలుపెట్టింది.

రెండో విడత బంగారంలా వచ్చాయి. విడిపోయిన పిండిని కూడా పారెయ్యలేదు. నేతిలో వేయించి ఉండలు చుట్టాం. పిల్లలకి అవే ఎక్కువ నచ్చాయి.

సాయంత్రం టొరంటో నుంచి మామయ్యా అత్తయ్యా, వాళ్లమ్మాయీ అల్లుడూ దిగారు. మామయ్య లోపలికొస్తూనే ముక్కు ఎగరేసి వాసన పీల్చి, బూట్లైనా విప్పకుండా గ్యారేజీలోకి నడిచాడు.

డిసెంబరు 22

రాత్రి పదింటికి మొదలైన మంచు తెల్లారేదాకా కురిసింది. వాన పడితే తెలుస్తుంది. మంచు పడితే చప్పుడు ఆగిపోవడమే తెలుస్తుంది. వీధిలో కారు వెళ్లినా దూదిలోంచి వెళ్లినట్టే. పొద్దున కిటికీ తెర తీస్తే పది అంగుళాలు. మెట్లు లేవు. కంచె పైన కర్రలు మాత్రం కనబడుతున్నాయి.

మంచు ఆగిన 24 గంటల్లోగా ఇంటి ముందు నడకదారి ఆ ఇంటివాళ్లే శుభ్రం చెయ్యాలని సెయింట్ పాల్‌లో నిబంధన. అన్నయ్య, నేను, మామయ్య అల్లుడు పారలు పట్టుకున్నాం. పైకి దూదిలా ఉంటుంది గానీ పార నిండా ఎత్తితే నడుం తెలుస్తుంది. గంటన్నరకి దారి తేలింది. అప్పుడే పెద్ద బండి ఒకటి వీధిలో మంచు తోసుకుంటూ వచ్చి, మేం తవ్విన దారి మొగలోనే మోకాలెత్తు గట్టు పెట్టి వెళ్లింది. అది మామూలేనట. మళ్లీ తవ్వాం.

పిల్లలు మంచుబొమ్మ చెయ్యబోయారు. పిడికిట్లో ఎంత నొక్కినా మంచు ఇసకలా జారిపోయింది. చలి మరీ ఎక్కువైతే మంచు పొడిగా ఉండి అతుక్కోదు. సున్నా డిగ్రీల దగ్గర్లో ఉండి కాస్త తడి ఊరితేనే ముద్ద కడుతుంది. అచ్చం తడిపిండిలాగే, అంది అమ్మ.

పెద్దమ్మ బయటికొస్తానంది. ప్యాంటు వేసుకోమని వదిన ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. చీర కిందే ఉన్ని పైజామాలు రెండు, పైన అన్నయ్య కోటు, కాళ్లకి బూట్లు. మెట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగి, తవ్విన దారి వదిలేసి పక్కనున్న మంచులోకి అడుగేసింది. కాలు లోపలికి దిగిపోయింది. ఇంకో అడుగు. అక్కడ నిలబడి చెయ్యి కిందికి పెట్టి చూసుకుంది. బూటు దాటి, మోకాలి కింద దాకా వచ్చింది మంచు. తాతయ్య చూపించిన చోటికి జానెడు తక్కువ. ఏమీ అనలేదు. అలా నిలబడే ఉంది.

లోపలికి తీసుకొచ్చి కూర్చోబెడితే చీర కుచ్చిళ్లు వంగలేదు. అంచు చుట్టూ మంచు పట్టి, గడ్డకట్టి, వేయించని అప్పడంలా నిలబడింది. వేలితో కొడితే టకటక చప్పుడు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో కుచ్చి విడదీస్తుంటే చిన్న చిన్న పలుకులు రాలి నా అరచేతిలో నీళ్లయ్యాయి. వెంకటగిరి చీర. జరీ దారానికి పట్టిన పలుకుల్లోంచి చూస్తే దారం రెట్టింపు లావుగా కనబడింది. "తొందరపడకు, జరీ లేస్తుంది" అంది పెద్దమ్మ.

డల్లాస్ నుంచి మధ్యాహ్నం రావాల్సిన పిన్నీ బాబాయీ వాళ్లబ్బాయీ షికాగోలో చిక్కుకుపోయి రాత్రి ఒంటిగంటకి చేరారు. వాళ్ల పెట్టె ఇంకో రోజుకి వచ్చింది. రోజంతా టెన్షన్ పడ్డ పెద్దమ్మ వాళ్ల ముఖాలు చూశాక గానీ పడుకోలేదు. పధ్నాలుగుమందిమి. నాలుగు పడకగదులు. హాల్లో వరసగా పరుపులు పరిచి పడుకుంటే గుంటూరు డాబా మీద పడుకున్నట్టే ఉంది, పైన చుక్కలు లేవు గానీ.

డిసెంబరు 23

పొద్దున ఊరు చూడ్డానికి రెండు కార్లలో బయల్దేరాం. కాపిటల్ భవనం, కథీడ్రల్ కారులోంచే చూశాం. మిన్నెహాహా జలపాతం దగ్గర మాత్రం దిగాం. 53 అడుగుల నుంచి దూకే నీళ్లు దూకుతూ దూకుతూనే గడ్డకట్టుకుపోయి, నీలం రంగు ఊడల మర్రిలా వేలాడుతున్నాయి. చెవి పెట్టి వింటే లోపలెక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు.

తర్వాత వైట్ బేర్ లేక్. మిన్నెసోటాని పదివేల చెరువుల రాష్ట్రమంటారు. పది ఎకరాలకు మించినవే 11,842 ఉన్నాయని లెక్క. చెరువు నడిమధ్య చిన్న గుడారాలు, వాటి ముందు మనుషులు. మంచుకి బెజ్జం తొలిచి గాలం వేసి కూర్చున్నారు. నడవడానికి కనీసం నాలుగు అంగుళాల మందం ఉండాలని ఇక్కడి ప్రభుత్వం చెబుతుంది. ఒకాయన్ని అడిగితే తన బెజ్జంలో కొలకర్ర పెట్టి ఏడు అంగుళాలు చూపించాడు. అయినా పెద్దమ్మా అమ్మా గట్టు దిగలేదు. "నీళ్లు నీళ్లే" అంది అమ్మ.

బాబాయి అక్కడ చెప్పిన విషయం నాకు కొత్త. హయ్యర్ గారు గుంటూరు వచ్చిన రోజుల్లోనే అమెరికా చెరువుల్లోని ఇలాంటి మంచుని దిమ్మలుగా కోసి, రంపపు పొట్టులో పొదిగి, ఓడల్లో మన దేశానికి పంపేవాళ్లట. 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకి మొదటి ఓడ వచ్చింది. మద్రాసులో ఆ మంచు దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ మెరీనా దగ్గరుంది. తర్వాత వివేకానందుడు అందులోనే బస చేశారు. చదువుకునే రోజుల్లో నేను వారానికోసారి ఆ భవనం ముందు నుంచే బస్సులో వెళ్లేదాన్ని. ఆ పేరెందుకొచ్చిందో ఎప్పుడూ అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు సెయింట్ పాల్‌లో మిసిసిపీ వంతెన దగ్గర కాసేపు ఆపమంది పెద్దమ్మ. నది అంచులు గడ్డకట్టి, మధ్యలో నల్లగా నీళ్లు పోతున్నాయి. హయ్యర్ గారు వచ్చేసరికి మిన్నెసోటా ఇంకా రాష్ట్రమైనా కాలేదు. అది 1858లో అయింది. అప్పటి ఊరు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఆ నది తప్ప మాకు ఆనవాలు ఏదీ కనబడలేదు. పెద్దమ్మకి అది చాలు.

డిసెంబరు 24

పక్కింట్లో ఒకావిడ ఉంటారు. ఎనభై దాటిన మనిషి, తాతలు నార్వే నుంచి వచ్చారట. ఇంటినిండా చుట్టాలని వదిన చెబితే, పొద్దున్నే వచ్చి పెద్దమ్మని చెయ్యి పట్టుకుని తన వంటింటికి తీసుకెళ్లారు. నేను తోడు వెళ్లాను. ఆవిడ లెఫ్సె చేస్తున్నారు. ఉడికించి మెదిపిన బంగాళాదుంపల్లో వెన్న, మీగడ, పిండి కలిపి, గాళ్లు పడిన అప్పడాల కర్రతో పల్చగా ఒత్తి, పెద్ద గుండ్రటి పెనం మీద కాలుస్తారు. తిప్పడానికి బద్దలాంటి పొడుగాటి కర్ర ఒకటి.

మొదటి రెండు పెద్దమ్మ చూసింది. మూడోదానికి చెయ్యి చాపింది. ఆవిడ కర్ర ఇచ్చేశారు. బొబ్బట్లు చేసి చేసి తేరిన చెయ్యి కదా, పిండిని తిప్పుతూ ఒత్తుతుంటే కింద గుడ్డ మీది గీతలు పిండిలోంచి కనబడ్డాయి. ఆవిడ వంగి చూసి, చప్పట్లు కొట్టి, పెద్దమ్మ భుజం మీద చెయ్యేసి ఏదో అన్నారు. నేను తెలుగులో చెప్పబోతే పెద్దమ్మ ఆపింది. "అర్థమైందిలే." గంటసేపు ఒకరు ఒత్తారు, ఒకరు కాల్చారు. ఒకరి మాట ఒకరికి రాదు. ఒక్క లెఫ్సె కూడా చినగలేదు. వేడి మీద వెన్న రాసి, పంచదార చల్లి, చాపలా చుట్టి పెట్టారు. మధ్యాహ్నం పెద్దమ్మ అరిసెలు డబ్బాలో పెట్టి తనే వెళ్లి ఇచ్చొచ్చింది.

సాయంత్రం నాలుగున్నరకి చర్చిలో కొవ్వొత్తుల ఆరాధన. ఇక్కడికీ గుంటూరుకీ పదకొండున్నర గంటల తేడా. మేం మెట్లెక్కుతుంటే చిన్న మామయ్య ఫోన్. అక్కడ 25 తెల్లవారుజాము నాలుగు. స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని, ఐదింటి ఆరాధనకి గుడికి నడుస్తున్నాడు. వెనక మైకులో పాటలు, బండ్ల హారన్లు. వీసా అపాయింట్‌మెంట్ దొరక్క మాతో రాలేకపోయినవాడు తనొక్కడే. "అక్కయ్యా, మీరెక్కడున్నారు?" "గుడి మెట్ల మీద." "నేనూ అక్కడికే." ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఫోన్‌లో గుంటూరు గంట మోగింది.

పెద్దమ్మకి ఇంగ్లీషు రాదు. ఆరాధనంతా ఇంగ్లీషులోనే. విసుగేస్తుందేమోనని పక్కన కూర్చుని అప్పుడప్పుడూ చూస్తున్నాను. పాస్టరు గారు ఏదో మొదలుపెట్టారు, అందరూ లేచారు, పెద్దమ్మ అందరితో పాటే లేచింది. పెదవులు కదులుతున్నాయి. చెవి దగ్గర పెట్టి వింటే "పరలోకమందున్న మా తండ్రీ..." చుట్టూ వందలమంది ఇంగ్లీషులో చెబుతున్న ప్రార్థనే, తను తెలుగులో, అదే చోట ఆగుతూ, అదే చోట అందుకుంటూ. చివరి ఆమెన్ అందరితో కలిసి సరిగ్గా పడింది. పాపపు ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, పాట, వాక్యం, ఏది తర్వాత ఏదో మా గుంటూరు ఆరాధన క్రమమే. మాట తెలియకపోయినా వరస తెలుసు. డెబ్బై ఏళ్లుగా ఆదివారం ఆదివారం నడిచిన దారి.

ఆఖర్న లైట్లు ఆర్పేశారు. ఒక కొవ్వొత్తి నుంచి ఇంకో కొవ్వొత్తి వెలిగించుకుంటూ వెళ్లారు. మా వరసకొచ్చేసరికి పిన్ని కొవ్వొత్తి నుంచి పెద్దమ్మ, పెద్దమ్మ నుంచి అమ్మ, అమ్మ నుంచి మామయ్య. నలుగురు తోబుట్టువులూ ఒకే బెంచీ మీద అలా వరసగా కూర్చోవడం నేను చూసి పదిహేనేళ్లు దాటింది.

డిసెంబరు 25

రాత్రికి రాత్రే చలి తగ్గింది. మైనస్ 1. పైకప్పు అంచుల నుంచి చుక్కలు రాలుతున్నాయి. వాకిట్లో చిన్న మామయ్య పంపిన కాగితం నక్షత్రం వేలాడుతోంది, బద్దలు మడతపెట్టి పెట్టె అడుగున తెచ్చాం.

పెద్దమ్మ ముగ్గు వెయ్యాలంది. క్రిస్మస్‌కి మా వాకిట్లో నక్షత్రం ముగ్గు ఎప్పుడూ ఉండేది. డబ్బాలో ముగ్గుపిండి కూడా తెచ్చుకుంది. చిటికెడు తీసి చుక్క పెడితే కనబడలేదు. తెలుపు మీద తెలుపు. ఇంకో చుక్క పెట్టి చూసింది. తర్వాత లోపలికెళ్లి గరిటె తెచ్చింది. దాని కాడతో మంచులో గుచ్చితే చిన్న గుంట పడింది, గుంట లోపల నీలపు నీడ. చుక్కలన్నీ అలాగే గుచ్చింది. కాడతోనే గీతలు లాగింది. చుక్కలు కలుస్తుంటే పిల్లలకి నక్షత్రం కనబడింది. రంగులేవీ లేవు, పోపులపెట్టె ఉంది. పసుపు నీళ్లలో కలిపి చెంచాతో రెక్కల్లో పోశారు. ఎరుపుకి గుంటూరు కారం. మంచులోకి ఇంకుతూ ఆ ఎరుపు అంచుల దగ్గర నారింజగా పాకింది. పక్కింటావిడ కిటికీలోంచి ఫోటో తీసుకున్నారు.

మంచు ముద్ద కట్టింది కాబట్టి మంచుబొమ్మ కూడా లేచింది. మామయ్య మఫ్లరు దానికే ఇచ్చేశాడు.

మధ్యాహ్నం పులావు, కోడికూర, గోంగూర పచ్చడి, పెరుగు పచ్చడి, లెఫ్సె, అరిసెలు. పధ్నాలుగుమందికీ బల్ల చాలక నేల మీద దుప్పట్లు పరిచి కూర్చున్నాం. పెద్దమ్మ వడ్డిస్తూ ఎవరి పళ్లెంలో ఏది తగ్గిందో ఎప్పట్లాగే అడక్కుండానే చూసుకుంది. తను ఆఖర్న తింది.

డిసెంబరు 26

డులూత్‌కి వెళ్లాం. ఉత్తరానికి దాదాపు 250 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. కొండ దిగుతుంటే ఒక్కసారిగా లేక్ సుపీరియర్. 82 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో దాదాపు ముప్పాతిక వంతు. అవతలి ఒడ్డు లేదు. నీళ్ల మీద నుంచి అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి లేస్తోంది. నీటికంటే గాలి మరీ చల్లగా ఉంటే ఇలా పొగ కడుతుందట. 1905 నాటి ఇనుప వంతెన మధ్యభాగం నిలువుగా పైకి లేస్తే కింద నుంచి ఖనిజం మోసే ఓడ ఒకటి వెళ్లింది. ఓడ కూత పెట్టింది, వంతెన బదులు కూత పెట్టింది. జనవరి మధ్యలో దారి మూసేదాకా ఇవి తిరుగుతూనే ఉంటాయి.

మా పెద్దమ్మకి సముద్రమంటే సూర్యలంక. ఒడ్డున రాళ్ల మధ్య అన్నయ్య చెయ్యి పట్టుకుని వంగి, తొడుగు తీసి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. "ఉప్పు లేదురా" అంది, పెద్ద ఆశ్చర్యంతో.

డిసెంబరు 27

పిన్నివాళ్ల విమానం మర్నాడు పొద్దున ఆరింటికి. మామయ్యవాళ్లది తొమ్మిదింటికి. సాయంత్రమంతా పెట్టెలు సర్దడం, అరిసెలు పంచడం. చూరు కింద నక్షత్రం తడిసి ఒక పక్క చిరిగింది. అయినా వదిన తియ్యనివ్వలేదు.

భోజనాలయ్యాక పెద్దమ్మ తన పెట్టె అడుగు నుంచి తువ్వాలులో చుట్టిన ఎర్ర అట్ట పుస్తకం తీసింది. అది తన దగ్గరుందని అమ్మకి కూడా తెలీదు. "క్రిస్మస్ నాడే రాయాల్సింది. చెయ్యాడలేదు" అంది.

పేజీలు తిప్పుతుంటే 2009 దగ్గర ఆగాం. తాతయ్య చేతిరాత వణుకుతోంది. వచ్చినవారిలో మొదటి పేరు అమ్మమ్మది. అమ్మమ్మ పోయింది 2007లో. ఆ ముందు పేజీ తిప్పితే, 2008లో కూడా అమ్మమ్మ పేరే ముందుంది. ఎవరం ఏమీ అనలేదు. పిన్ని లేచి మంచినీళ్లకి వెళ్లింది.

పెద్దమ్మ కొత్త పేజీ తీసి కళ్లజోడు సర్దుకుంది. ముందు తాతయ్య పేరు రాసింది. తర్వాత అమ్మమ్మది. తర్వాత పెదనాన్నది. ఆ తర్వాత మా పధ్నాలుగుమందివి, వయసు వరసన, ఎవర్నీ అడక్కుండా. గీత గీసి ‘రానివారు’ అని చిన్న మామయ్య పేరు రాసి, పక్కన ‘వీసా’ అని పెట్టింది. కాసేపాగి అది కొట్టేసి, ‘గుడి మెట్ల దాకా వచ్చాడు’ అని రాసింది.

కింద: ‘సెయింట్ పాల్. మంచు. మోకాలికి జానెడు తక్కువ.’

సిరా ఆరేదాకా ఊది, మూసి, తువ్వాలులో చుట్టి నా చేతికిచ్చింది. "తడి తగలనీకు" అంది.